ఆర్‌వీలో ప్రెయిరీ ఊళ్లు: కాల్గరీ నుంచి గ్రాస్‌ల్యాండ్స్ దాకా కుటుంబంతో వెళ్లిరావడం ఎలా

కెనడాలో ఆర్‌వీ (పడకలు, వంటిల్లు, టాయిలెట్ అన్నీ లోపలే ఉండే బండి) ట్రిప్ అనగానే మనవాళ్ల నోట వచ్చే మొదటి పేరు రాకీస్ కొండల్లోని బాన్ఫ్. బాగానే ఉంటుంది, కాదనను. కానీ జూలైలో అక్కడ పాతిక అడుగుల బండికి పార్కింగ్ వెతుక్కోవడంలోనే సగం పూట గడిచిపోతుంది. అదే బండిని కాల్గరీ నుంచి తూర్పుకి, ప్రెయిరీ అనే గడ్డి మైదానాల వైపు తిప్పి చూడండి. మెయిన్ స్ట్రీట్ ఈ చివర నిలబడితే ఆ చివర కనిపించే ఊళ్లు, రోడ్డుకి రెండు వైపులా పప్పు చేలు, సాయంత్రం ఎనిమిదైనా తగ్గని ఎండ. పిల్లలకి డైనోసార్లు, పెద్దవాళ్లకి తీరుబడి.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి. ఇక్కడ ప్లాన్ చేసుకోవాల్సింది కిలోమీటర్లు కాదు, ఊళ్ల వేళలు. ఆదివారం ఏ దుకాణం తెరుస్తారు, పెట్రోలు బంకు ఎన్నింటికి మూస్తారు, మ్యూజియం ఏ రోజు సెలవు... ఇవి తెలిస్తే మిగతాదంతా దానంతట అదే సర్దుకుంటుంది.

1. దారి పొట్టిగా గీసుకోండి

నేను చెప్పే చుట్టు ఇది: కాల్గరీ, డ్రమ్‌హెల్లర్, డైనోసార్ ప్రొవిన్షియల్ పార్క్, మెడిసిన్ హ్యాట్, సైప్రస్ హిల్స్, ఈస్ట్‌ఎండ్, వాల్ మేరీ, స్విఫ్ట్ కరెంట్, తిరిగి కాల్గరీ. మెడిసిన్ హ్యాట్ దాకా ఆల్బర్టా రాష్ట్రం, సైప్రస్ హిల్స్ నుంచి స్విఫ్ట్ కరెంట్ దాకా సస్కాచువాన్ రాష్ట్రం. అంతా కలిపి సుమారు 1,500 కిలోమీటర్లు. కారులో అయితే మూడు రోజుల పని. ఆర్‌వీలో పది రాత్రులు పెట్టుకోండి: డ్రమ్‌హెల్లర్‌లో రెండు, డైనోసార్ పార్క్‌లో ఒకటి, మెడిసిన్ హ్యాట్‌లో ఒకటి, సైప్రస్ హిల్స్‌లో రెండు, ఈస్ట్‌ఎండ్‌లో ఒకటి, వాల్ మేరీలో రెండు, తిరుగుదారిలో ఒకటి. చివరి రెండు రోజులు వదిలేస్తే రోజుకి 200 కిలోమీటర్లకి మించి నడపక్కర్లేదు. ఈ బండి గంటకి 90 మీద హాయిగా ఉంటుంది, 110 మీద పెట్రోలు తాగేస్తుంది. పైగా బయల్దేరే ముందు సర్దడానికి ఒక గంట, దిగాక పరచడానికి ఇంకో గంట.

డ్రమ్‌హెల్లర్ కాల్గరీకి 135 కిలోమీటర్లు. అంతవరకూ బల్లపరుపుగా సాగిన నేల ఒక్కసారిగా లోయలోకి దిగిపోతుంది, చారలు చారలుగా మట్టి గుట్టలు లేస్తాయి. ఇక్కడి రాయల్ టిరెల్ మ్యూజియం 1985లో తెరిచారు. డైనోసార్లంటే ప్రాణం పెట్టే పిల్లలుంటే పూటంతా ఇక్కడికే రాసిచ్చేయండి. ఊళ్లో 26 మీటర్ల ఎత్తున్న డైనోసార్ బొమ్మ ఉంది, 106 మెట్లెక్కితే దాని నోట్లోంచి ఊరు కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న తాతయ్యలు కింద బెంచీ మీద ఐస్‌క్రీమ్ తింటూ కూర్చోవడం మేలు. ఈస్ట్ కూలీ అనే ఊళ్లోని అట్లాస్ బొగ్గు గని రెండో రోజుకి దాచుకోండి. ఒకప్పుడు ఈ లోయ బతికింది బొగ్గు మీదే. డైనోసార్లు ఊరికి తిండి పెట్టడం ఆ తర్వాతి కథ.

డైనోసార్ ప్రొవిన్షియల్ పార్క్ 1979 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. గైడ్‌తో వెళ్లే టూర్‌లే దాని అసలు సరుకు, ముందే బుక్ చేసుకోకపోతే దొరకవు. వేసవి మధ్యాహ్నం లోయలో ఎండ మన రెంటచింతలని గుర్తుచేస్తుంది, అందుకని పొద్దున్న టూరే తీసుకోండి. మెడిసిన్ హ్యాట్‌ని సరుకులు, పెట్రోలు, బట్టలుతుక్కోవడం కోసం వాడుకోండి. 1988 కాల్గరీ వింటర్ ఒలింపిక్స్ కోసం కట్టిన పెద్ద ఉక్కు టీపీ (అక్కడి ఆదివాసీల కోసుగా ఉండే గుడారం ఆకారం) ఇప్పుడు హైవే పక్కనే ఉంది, అరగంట చాలు.

సైప్రస్ హిల్స్ అంటే రాకీస్‌కీ లాబ్రడార్‌కీ మధ్య కెనడాలో అన్నిటికంటే ఎత్తైన చోటు. ఎండలోంచి వచ్చి పైన్ చెట్ల నీడలో పడితే పిల్లలు కుదుటపడతారు. మేపుల్ క్రీక్ ఊరి నుంచి 21వ నంబరు రోడ్డు మీద అరగంట. పార్కులో సెంటర్ బ్లాక్ నుంచి వెస్ట్ బ్లాక్‌కి పోయే గ్యాప్ రోడ్ అని ఒకటుంది, జీపీఎస్ అదే దగ్గర దారి అని చూపిస్తుంది. ఆర్‌వీతో అటు వెళ్లకండి. వానపడితే ఆ మట్టి రోడ్డు మీద జీపులే కదలవు.

ఈస్ట్‌ఎండ్ నాకు ఈ చుట్టులో అన్నిటికంటే ఇష్టమైన ఊరు. అయిదు వందల మందికి అటూ ఇటూగా ఉంటారు. 1991లో ఈ ఊరి హైస్కూలు ప్రిన్సిపాల్, మ్యూజియం శాస్త్రవేత్తలతో కలిసి గుట్టల్లో తిరుగుతుండగా ఒక పన్ను, తోక ఎముక ఒకటి దొరికాయి. తవ్వుకుంటూ పోతే స్కాటీ అనే డైనోసార్ అస్థిపంజరం బయటపడింది. ప్రపంచంలో ఇంతవరకూ దొరికిన టీ-రెక్స్‌లలో అతి పెద్దవాటిలో ఒకటి. ఊరి పక్కన గుట్టలో కట్టిన టీ-రెక్స్ డిస్కవరీ సెంటర్‌లో ఆ కథంతా ఉంటుంది. టిరెల్ చూశాక ఇది చిన్నదిగా అనిపిస్తుంది, అదే దాని సుఖం. క్యూ ఉండదు, అక్కడ పనిచేసేవాళ్లు మీ పిల్లాడి ప్రశ్నలన్నీ తీరిగ్గా వింటారు.

అక్కడి నుంచి 13వ నంబరు రోడ్డు మీద షానవన్ మీదుగా కాడిలాక్ వరకు, అక్కడ 4వ నంబరు మీద దక్షిణానికి తిరిగితే వాల్ మేరీ. వంద చిల్లర జనం ఉన్న ఊరు, గ్రాస్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్‌కి గుమ్మం. 13వ నంబరు రోడ్డు చాలాచోట్ల గతుకులు, 80కి మించకండి. కెనడా మొత్తం మీద నల్లతోక ప్రెయిరీ డాగ్‌లు (కుక్కలు కాదు, బొరియల్లో ఉండే ఉడుత జాతి) సహజంగా బతికేది ఈ పార్క్‌లోనూ చుట్టుపక్కలా మాత్రమే. బైసన్‌లని (అడవి దున్నల్లాంటివి) 2005లో ఎల్క్ ఐలాండ్ పార్క్ నుంచి తెచ్చి వదిలారు, అంతకుముందు వందేళ్లకి పైగా ఆ నేల మీద ఒక్కటీ లేదు. 2009 నుంచి ఇది చీకటి ఆకాశ సంరక్షణ ప్రాంతం కూడా. కాకపోతే జూన్‌లో చీకటి పడేసరికే పదకొండు దాటుతుంది, నక్షత్రాలు చూడాలంటే ఆగస్టు.

నన్నడిగితే ఆగస్టు రెండో సగమే మంచిది. దోమలు తగ్గుతాయి, బడులు ఇంకా తెరవరు, కోతలు మొదలవుతాయి. కనోలా అనే నూనెగింజల పసుపు చేలు చూడాలంటే మాత్రం జూలై. దారి పొడుగునా కనిపించే చేలు ఏమిటో పిల్లలకి చెప్పండి: సస్కాచువాన్ మసూరు పప్పుకి, ఎండు బఠాణీకి కెనడాలోనే పెద్ద రాష్ట్రం. ఇండియాకి ఏళ్ల తరబడి వెళ్తున్న సరుకు ఇదే. ఆవాలు కూడా ఇక్కడ ఎకరాలకెకరాలు. పోపు డబ్బాలో ఉన్నవాటిని చేలో పచ్చగా చూడటం అమ్మమ్మలకి భలే సరదా.

2. స్థలాలు ముందే పట్టుకోండి, కొన్ని వదిలేయండి

డైనోసార్ పార్క్, సైప్రస్ హిల్స్, గ్రాస్‌ల్యాండ్స్ క్యాంప్‌గ్రౌండ్‌లకి (బండి నిలిపి రాత్రి ఉండే చోట్లకి) ఆన్‌లైన్ రిజర్వేషన్ తప్పదు. ఆ వేసవి స్థలాలు శీతాకాలం చివర, వసంతంలోనే విడుదలవుతాయి. ఏ పార్క్ ఏ తేదీన తెరుస్తుందో దాని వెబ్‌సైట్‌లో చూసి క్యాలెండర్‌లో రాసుకోండి. జూలై 1 కెనడా డే, ఆగస్టు మొదటి సోమవారం, సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే, ఈ మూడు లాంగ్ వీకెండ్‌లకి స్థలాలు ఇట్టే నిండిపోతాయి.

చిన్న ఊళ్ల మున్సిపల్ క్యాంప్‌గ్రౌండ్‌ల సంగతి వేరు. చాలామంది వీటిని పట్టించుకోరు, ఈ ప్రయాణంలో మంచి రాత్రులు అక్కడే గడుస్తాయి. ఊరి పార్కు పక్కనో, బేస్‌బాల్ మైదానం పక్కనో పది, ఇరవై స్థలాలు, కరెంటు స్తంభం, నీళ్ల కుళాయి, ఒక స్నానాల గది. ఆఫీసులో మనిషి ఉండకపోవచ్చు. గేటు దగ్గర చెక్క పెట్టెలో కవర్లు ఉంటాయి. నచ్చిన స్థలంలో బండి పెట్టి, కవరు మీద పేరు, బండి నంబరు, స్థలం నంబరు, ఎన్ని రాత్రులో రాసి, డబ్బులు అందులో పెట్టి, అంచున ఉన్న చీటీ చింపి మీ స్థలం దగ్గరున్న కర్రకి తగిలించి, కవరు ఇనప డబ్బాలో వెయ్యాలి. చిల్లర ఇచ్చేవాళ్లుండరు కాబట్టి అయిదు, పది, ఇరవై డాలర్ల నోట్లు దగ్గర పెట్టుకోండి. సాయంత్రం ఎవరో ఒక పెద్దాయన పికప్‌లో ఒక చుట్టు తిరిగి చీటీలు చూసి, ఎక్కడి నుంచి వచ్చారని అడిగి వెళ్తాడు. ఆయన్ని ఆపి ఊళ్లో ఏం చూడాలో అడగండి. ఏ గైడు పుస్తకంలోనూ లేనివి చెబుతాడు.

3. బండి ఎంచుకోవడం

నలుగురైదుగురు ఉన్న కుటుంబానికి క్లాస్ సి సరిపోతుంది. డ్రైవర్ తల మీద ఇంకో పడక ఉండేది అదే. 24, 25 అడుగులు చాలు. 30 అడుగులది తీసుకుంటే ఊళ్లలో తిప్పడానికి తిప్పలు. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే వెనక గదిలో పడక నేల మీద నుంచి ఎంత ఎత్తుందో, చుట్టూ నడిచే వీలుందో లేక గోడవైపు వాళ్లు ఇంకొకరి మీదుగా దాటాలో చూడండి. రాత్రి రెండుసార్లు లేచేవాళ్లకి అదే పెద్ద విషయం. వాళ్లకి విజిటర్ మెడికల్ ఇన్సూరెన్స్ కాగితాలు ఫోన్‌లోనూ, ప్రింట్‌గానూ ఉండాలి.

ఆల్బర్టాలో మామూలు క్లాస్ 5 లైసెన్సు, ఒంటారియోలో జి లైసెన్సు ఉంటే ఈ సైజు బండి నడపొచ్చు. అద్దెలో చూడాల్సినవి నాలుగు. ఒకటి, కిలోమీటర్లు: రోజు అద్దె తక్కువగా చూపించి కిలోమీటరుకి విడిగా వసూలు చేస్తారు, 1,500కి ప్యాక్ ముందే కొనండి. రెండు, ఇన్సూరెన్స్: క్రెడిట్ కార్డు కవరేజీ చాలావాటిలో మోటర్‌హోమ్‌కి వర్తించదు, కంపెనీ ఇచ్చేదాంట్లో పైకప్పుకీ అడుగు భాగానికీ తగిలే దెబ్బలు కలిశాయో లేదో చదవండి. మూడు, గ్రావెల్ (కంకర) రోడ్డు: క్యాంప్‌గ్రౌండ్ లోపలి దారి తప్ప గ్రావెల్ మీద నడపకూడదని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. నాలుగు, గిన్నెలు, దుప్పట్ల కిట్టు: తలకింత అని అదనంగా తీసుకుంటారు. కాల్గరీలోనే ఇల్లుంటే మీవే తెచ్చుకోండి.

పిల్లల సీట్ల దగ్గర మొహమాటం వద్దు. డైనింగ్ బల్ల దగ్గర ముందుకి తిరిగి ఉన్న బెల్టు సీట్లలోనే కారు సీటు కట్టాలి. పక్కకి, వెనక్కి తిరిగినవాటిలో కట్టకూడదు. పై పట్టీ తగిలించే కొక్కెం ఆ సీటుకి ఉందా అని బుక్ చేసేటప్పుడే అడగండి, కొన్ని బళ్లలో ఉండదు. కారు సీటు మీద మేపుల్ ఆకు గుర్తున్న కెనడా సేఫ్టీ ముద్ర ఉండాలి, ఇండియా నుంచో అమెరికా నుంచో తెచ్చినది ఇక్కడ చెల్లదు. బండి కదులుతుండగా పై పడక మీద పిల్లలు పడుకోవడం, వెనక టాయిలెట్‌కి నడవడం, రెండూ కుదరవు. అరవై కిలోమీటర్లకోసారి ఆగడానికి సిద్ధపడండి.

4. బండి చేతికొచ్చిన రోజు

మధ్యాహ్నం ఇస్తారు, ఒక గంట చూపిస్తారు, ఆ గంటలో చెప్పింది సగం తలకెక్కదు. మొత్తం ఫోన్‌లో వీడియో తీయండి. ముఖ్యంగా మూడు: నీళ్ల హీటర్, ఫ్రిజ్ గ్యాసుకీ కరెంటుకీ మార్చడం, వ్యర్థజలాల వాల్వులు. బండి చుట్టూ, పైకప్పు అంచులు, టైర్లు, విండ్‌షీల్డ్ మీద రాయి దెబ్బలు, అన్నీ తేదీ పడేలా ఫొటోలు తీయండి. ఎత్తు ఎంతో చీటీ మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించండి. సుమారు 3.7 మీటర్లుంటుంది. చిన్న ఊళ్లలో తగిలేది వంతెనలు కాదు, చెట్ల కొమ్మలు, డ్రైవ్-త్రూ కప్పులు.

బండి వెనక భాగం వెనక చక్రాలకి అవతల చాలా దూరం సాగి ఉంటుంది. కుడికి తిప్పితే తోక ఎడమకి ఊగుతుంది. పెట్రోలు బంకులో స్తంభాలకి బళ్లు గీరుకునేది అందుకే. ఖాళీ పార్కింగ్ స్థలంలో ఒకరిని వెనక నిలబెట్టి పావుగంట తిప్పి చూడండి. రివర్స్ చేసేటప్పుడు వెనక ఒక మనిషి ఉండాలి, అద్దంలో కనబడేంత పక్కగా. ఆ మనిషి కనిపించకపోతే ఆగిపోవాలి, ఇదొక్కటీ ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే బయల్దేరండి.

5. వంటిల్లు సర్దడం

ఇక్కడ మనకి మాత్రమే వచ్చే తలనొప్పులు కొన్నున్నాయి. బండిలో ప్లగ్గులు 120 వోల్టులవి. ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ పనిచెయ్యదు, ఇక్కడ కొన్నదే తీసుకెళ్లండి. అదీ క్యాంప్‌గ్రౌండ్ కరెంటు తగిలించినప్పుడు, లేదా జనరేటర్ వేసినప్పుడే. లైట్లు, నీళ్ల పంపు, హీటర్ ఫ్యాన్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తాయి. 30 ఆంపియర్ల స్తంభం ఇచ్చేది మొత్తం 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే 1,500 దాకా లాగుతుంది, మైక్రోవేవ్ ఇంకో అంత. వాటికి తోడు రైస్ కుక్కర్ పెట్టారంటే బ్రేకర్ పడిపోతుంది. అన్నం వండేటప్పుడు ఏసీ ఆపడం అలవాటు చేసుకోండి. పాత మున్సిపల్ స్థలాల్లో 15 ఆంపియర్లే ఉంటాయి, అక్కడ ఏసీ మాట మరిచిపోండి.

లోపల ఎండుమిరపకాయల పోపు పెట్టారా, పొగ అలారం మోగి తీరుతుంది. అలారం బ్యాటరీ తీసే పని మాత్రం చెయ్యొద్దు, గ్యాసు పొయ్యి ఉన్న చిన్న గదిలో ప్రాణాలు కాపాడేది అదే. చవకైన ఒంటి బర్నర్ క్యాంపు స్టవ్ కొని పోపు, వేపుడు బయట బల్ల మీద కానివ్వండి. ఇంకా మంచిది, పోపు గింజలు ఇంట్లోనే నూనెలో వేయించి సీసాలో పోసుకోవడం. పులిహోర గుజ్జు, కందిపొడి, చారు పొడి, గోంగూర పచ్చడి, వీటితో నాలుగు రోజులు తేలిగ్గా గడుస్తుంది. పసుపు పడితే తెల్ల ప్లాస్టిక్ సింకు, బల్ల మరకైపోతాయి, డిపాజిట్ కోస్తారు. పాత న్యూస్‌పేపర్లు పరుచుకోండి.

ఫ్రిజ్ చల్లబడటానికి ఒక రాత్రి పడుతుంది. సరుకులు ఇంటి దగ్గరే చల్లబరిచి పెట్టండి. గ్యాసు మీద నడిచే ఫ్రిజ్ అయితే బండి ఒరిగి ఉంటే సరిగా పనిచెయ్యదు, స్థలంలో దిగగానే చక్రాల కింద చెక్కలు పెట్టి మట్టం సరిచూడటం అందుకే.

డ్రమ్‌హెల్లర్, బ్రూక్స్, మెడిసిన్ హ్యాట్, స్విఫ్ట్ కరెంట్‌లలో పెద్ద దుకాణాలున్నాయి. ఈస్ట్‌ఎండ్, వాల్ మేరీలలో దొరికింది కొనుక్కోవడమే. కేఫ్‌లలో శాకాహారం అంటే గ్రిల్డ్ చీజ్, ఫ్రైలు, బంగాళదుంప కూరి ఉడికించే పెరోగీలు. పెరోగీల మీద బేకన్ ముక్కలు చల్లుతారు, వద్దని ముందే చెప్పండి. సూప్ కూరగాయలదే అయినా బీఫ్ నీళ్లతో చేసి ఉండొచ్చు, అడగడానికి సిగ్గుపడకండి. సాస్కటూన్ అనే బెర్రీ పళ్లతో చేసే తీపి వంటకం, బెర్రీ పై (pie), దొరికితే మాత్రం వదలొద్దు.

6. రోడ్డు మీద

పెట్రోలు ట్యాంకు సగానికి రాగానే నింపండి. సస్కాచువాన్ దక్షిణాన ఒక బంకుకీ ఇంకో బంకుకీ మధ్య దూరం ఎక్కువ, సాయంత్రం ఆరేడింటికే మూసేవీ ఉన్నాయి. ఈ బండి వంద కిలోమీటర్లకి 20 నుంచి 25 లీటర్లు తాగుతుంది. మొత్తం చుట్టుకి 300 నుంచి 375 లీటర్లు, లీటరు డాలరున్నర లెక్కన 450 నుంచి 565 డాలర్లు పక్కన పెట్టుకోండి. పెట్రోలు పోయించేముందు గ్యాసు సిలిండర్ వాల్వు కట్టెయ్యండి.

ప్రెయిరీలో అసలు శత్రువు గాలి. ఎదురుగా పెద్ద ట్రక్కు వచ్చి దాటిపోయినప్పుడు బండి ఒక్క కుదుపు కుదుపుతుంది, స్టీరింగ్ రెండు చేతులా పట్టుకోండి. గాలి మరీ ఎక్కువైతే ఊరు చూసి ఆగిపోండి. జూలైలో సాయంత్రాలు వడగళ్ల వాన రావచ్చు. ఫోన్‌కి వచ్చే అత్యవసర హెచ్చరికలు ఆపి పెట్టకండి. అడవి మంటల పొగ వచ్చే సీజన్ కూడా ఇదే, ఉబ్బసం ఉన్నవాళ్లుంటే పొద్దున్నే గాలి నాణ్యత చూసుకోండి.

పొద్దుగూకాక నడపొద్దు. జింకలు, వాటిలాగే ఉండే ప్రాంగ్‌హార్న్‌లు రోడ్డు దాటేది అప్పుడే. సస్కాచువాన్‌లో రోడ్డు పని చేసేవాళ్ల పక్క నుంచి వెళ్లేటప్పుడు 60కి తగ్గించాలి, జరిమానా గట్టిగానే ఉంటుంది. గ్రావెల్, మట్టి రోడ్ల మాటకొస్తే, ఇక్కడి బంకమట్టిని జనం గంబో అంటారు. తడిస్తే చక్రానికి ముద్దలా చుట్టుకుని బండిని కదలనివ్వదు. మ్యాప్‌లు ఆఫ్‌లైన్‌లో దించుకోండి, వాల్ మేరీ చుట్టుపక్కల సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. వేసవిలో ఆల్బర్టా, సస్కాచువాన్ గడియారాలు ఒకేలా ఉంటాయి కాబట్టి రాష్ట్రం దాటినా టైము మార్చుకోనక్కర్లేదు.

7. టాయిలెట్ ట్యాంకు సంగతి

అందరూ భయపడేదీ, అందరూ అడిగేదీ ఇదే. బండి కింద మూడు ట్యాంకులు: మంచినీళ్లది, సింకు-షవర్ నీళ్లు చేరే గ్రే, టాయిలెట్‌ది బ్లాక్. ఒక్కోదానిలో సుమారు వంద లీటర్లు పడతాయి. మగ్గుతో కడుక్కునే మన అలవాటు బ్లాక్ ట్యాంకుకి నిజానికి మేలే. నీళ్లు తక్కువైతే కదా లోపల గట్టిపడి పేరుకుపోయేది. కాకపోతే త్వరగా నిండుతుంది, ఆరుగురుంటే రెండు రోజులకోసారి ఖాళీ చెయ్యాలి. గోడ మీద చూపించే లైట్లని నమ్మకండి, సెన్సర్‌కి కాగితం అంటుకుంటే ఖాళీ ట్యాంకుని కూడా నిండుగా చూపిస్తాయి.

స్థలంలో సీవర్ గొట్టం ఉన్నా సరే, బ్లాక్ వాల్వు ఎప్పుడూ తెరిచి ఉంచకూడదు. నీళ్లన్నీ కారిపోయి మిగిలింది అక్కడే గట్టిపడుతుంది. మూడింట రెండొంతులు నిండాక ఒక్కసారి తెరవాలి. ఊరి బయట సానీ డంప్ (ఈ ట్యాంకులు ఖాళీ చేసే చోటు) దగ్గర పద్ధతి ఇది: చేతి తొడుగులు వేసుకోండి. గొట్టం ఒక కొస బండికి తగిలించి, క్లిక్ మనేదాకా తిప్పి, లాగి చూడండి. రెండో కొస నేలలోని రంధ్రంలో దిగేసి, మీద ఒక రాయి పెట్టండి. ముందు బ్లాక్ వాల్వు లాగండి. చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఆగి మూసెయ్యండి. తర్వాత గ్రే. ఆ సబ్బునీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి, వరుస తలకిందులు చెయ్యకూడదన్నది అందుకే. రెండు వాల్వులూ మూశాక గొట్టాన్ని బండివైపు నుంచి పైకెత్తుకుంటూ ఖాళీ చేసి కడగండి. టాయిలెట్‌లో నాలుగైదు లీటర్ల నీళ్లు పోసి మందు బిళ్ల వెయ్యండి. అక్కడున్న కుళాయి కడగడానికే, మంచినీళ్ల ట్యాంకు దాంతో నింపొద్దు. పది నిమిషాల పని.

అన్నం మెతుకులు, పప్పు, నూనె సింకులోకి వెళ్తే గ్రే ట్యాంకు మూడో రోజుకి బ్లాక్‌ని మించి కంపు కొడుతుంది. గిన్నెలు టిష్యూతో తుడిచాకే కడగండి. గ్రే నీళ్లే కదా అని గడ్డిలో వదలడం చట్టరీత్యా తప్పు.

8. ఊళ్లో మెలగడం

ఎదురొచ్చే పికప్ డ్రైవరు స్టీరింగ్ మీంచి రెండు వేళ్లు ఎత్తుతాడు. మీరూ ఎత్తండి, అంతే. మెయిన్ స్ట్రీట్‌లో కార్లు ఏటవాలుగా పెడతారు, అక్కడ ఆర్‌వీ పెడితే తోక సగం రోడ్డు ఆక్రమిస్తుంది. పక్క వీధిలో, ధాన్యం ఎలివేటర్ (ఎత్తైన ధాన్యం గిడ్డంగి) దగ్గర బోలెడంత చోటు ఉంటుంది. ఆల్బర్టాలో ఆటస్థలాల పక్కన 30 దాటకూడదు. కోతల కాలంలో రోడ్డంతా నిండిపోయే కంబైన్ (కోత యంత్రం) ఎదురైతే పక్కకి తీసి ఆగండి.

చిన్న మ్యూజియంలని నడిపేది ఊరి వాలంటీర్లు. తలుపుకి తాళం ఉంటే వెనక్కి తిరిగిపోకండి, అద్దం మీద ఫోన్ నంబరు రాసి ఉందేమో చూడండి. ఫోన్ చేస్తే చాలాసార్లు ఎవరో ఒకరు వచ్చి తెరుస్తారు. పెట్టెలో పది డాలర్లు వెయ్యడం మర్యాద. కేఫ్‌లో పొద్దున్న పదింటికి ఒక బల్ల చుట్టూ ముసలి రైతులు కూర్చుని ఉంటారు. మసూరు ధర ఎలా ఉంది అని అడిగి చూడండి. ఇండియా దిగుమతి సుంకం ఎప్పుడు పెంచింది, ఎప్పుడు తగ్గించింది, మీకంటే వాళ్లకే బాగా తెలుసు. తాతయ్యకి వ్యవసాయం తెలిస్తే ఇక ఆ పూట అక్కడే.

జంతువుల దగ్గర మాత్రం చనువు వద్దు. బైసన్‌కి కనీసం వంద మీటర్ల దూరం. తోక పైకెత్తిందంటే వెంటనే వెనక్కి రండి. గ్రాస్‌ల్యాండ్స్‌లో విషపు పాము, రాటిల్‌స్నేక్ ఉంది. గడ్డిలో చెప్పులతో కాదు, బూట్లతో నడవాలి, రాళ్ల సందుల్లో చేతులు పెట్టకూడదు. నడిచొచ్చాక పిల్లల మెడ వెనక, మోకాళ్ల వెనక పిడుజులు పట్టాయేమో చూడండి. నీళ్లు వాల్ మేరీలోనే నింపుకుని లోపలికి వెళ్లండి. కట్టెలు ఇంటి నుంచి తేవొద్దు, అక్కడే కొనాలి, నిప్పు నిషేధం ఉందేమో బోర్డు చూశాకే అంటించాలి. రాత్రి పడుకునేముందు బండి పక్కన నీడకి చాచిన గుడారపు గుడ్డ తప్పకుండా చుట్టేయండి, అర్ధరాత్రి గాలికి అది విరిగితే వందల డాలర్లు.

9. తిరిగి ఇవ్వడం

వాల్ మేరీ నుంచి 4వ నంబరు మీద స్విఫ్ట్ కరెంట్‌కి 120 కిలోమీటర్లు, అక్కడి నుంచి ట్రాన్స్-కెనడా హైవే. రోడ్డు విశాలం, చూడటానికి ఏమీ లేదు, నడుపుకుంటూ పోవడమే. ఆఖరి రాత్రి మెడిసిన్ హ్యాట్‌లో ఆగండి. మర్నాడు పొద్దున్నే బయల్దేరినా కాల్గరీ చేరడానికి మూడున్నర గంటలు. బండి పదకొండుకే తిరిగివ్వమంటారు కనక ఆ రోజు అంతా హడావుడి. అది ఇష్టం లేకపోతే ఇంకో రాత్రి కాల్గరీ పక్కన స్ట్రాత్‌మోర్‌లో ఉండండి. సానీ డంప్ ముందు రోజు సాయంత్రమే ముగించండి, పొద్దున్న అక్కడ క్యూ ఉంటుంది. పెట్రోలు, గ్యాసు ఇచ్చినప్పటి మట్టానికి నింపి రసీదులు దాచండి. పై అల్మారాలు, సీటు కింద సొరుగులు, షవర్ కొక్కేలు, ఫ్రిజ్ తలుపు అర, ఒక్కొక్కటీ తెరిచి చూడండి. సామాను దిగాక బండి చుట్టూ మొదటి రోజు తీసినచోటే మళ్లీ ఫొటోలు తీసి, డిపాజిట్ వెనక్కి వచ్చేదాకా ఫోన్‌లో ఉంచుకోండి.